మోడల్ వై వెనక చిన్న క్యాంపింగ్ ట్రైలర్: లాగుతుంది, కానీ లెక్క వేరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది శాన్ రామోన్. ఇంట్లో టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్ ఉంది, కంపెనీ హిచ్‌తోనే (ట్రైలర్ తగిలించే కొక్కెం) తీసుకున్నారు. ఈ వేసవికి విజయవాడ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. పాపతో కలిపి అయిదుగురూ యోసెమిటీ, టాహో తిరగాలి. పెద్దవాళ్లని నేలమీద పడుకోబెట్టలేరు కాబట్టి వాళ్లకి చిన్న ట్రైలర్, మీకు టెంట్. రేంజ్ (ఒక ఛార్జికి వెళ్లే దూరం) ఎంత పడిపోతుంది, బ్యాటరీ దెబ్బతింటుందా, అసలు కరెంటు కారుతో ఈ పని పెట్టుకోవచ్చా అని.

పెట్టుకోవచ్చు. రేంజ్ సగమే అనుకుని బయల్దేరండి, 55 మైళ్ల స్పీడు దాటకండి, బ్యాటరీ గురించి బెంగ పెట్టుకోకండి. నేను ఫోల్సమ్‌లో ఉంటాను. ఇదే కారుతో నాలుగేళ్లుగా ఒక సెకండ్ హ్యాండ్ టియర్‌డ్రాప్ (కన్నీటిచుక్క ఆకారపు చిన్న ట్రైలర్) లాగుతున్నాను, ఏడాదికి ఆరేడు ట్రిప్పులు. రేంజ్ వల్ల ఇంతవరకూ రోడ్డు మీద ఆగిపోలేదు. చిరాకు పడిన సందర్భాలు మాత్రం ఉన్నాయి, వాటిలో చాలావరకు రేంజ్‌కి సంబంధం లేనివి. అవీ చెబుతాను.

ముందు రేంజ్ సంగతి. నా కారు ఒంటరిగా ఫ్రీవే మీద 70లో వెళ్తే స్క్రీన్ మీద మైలుకి 280 వాట్ అవర్లు చూపిస్తుంది. ట్రైలర్ తగిలించి 55లో వెళ్తే 420. అదే ట్రైలర్‌తో ఒకసారి తొందరలో 65లో లాగితే 510 దాటింది. బ్యాటరీలో వాడుకోగలిగేది సుమారు 75 యూనిట్లు (మన ఇళ్ల కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, ఒక కిలోవాట్ అవర్). 420 చొప్పున లెక్కేస్తే మొత్తం 178 మైళ్లు. కొన్నప్పుడు కాగితం మీద 330 అన్నారు. అయితే ఆ 178 కూడా మీ చేతికి రాదు. సున్నాకి ఎవరూ దింపరు, దారిలో నూటికి నూరు ఎవరూ నింపరు. 90 నుంచి 15 శాతం దాకా వాడతారనుకుంటే ఛార్జర్‌కీ ఛార్జర్‌కీ మధ్య మీకు దక్కేది 130 మైళ్లు. కొండ ఎక్కాలన్నా, ఎదురుగాలి ఉన్నా వంద.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ట్రైలర్ అనగానే ముందు బరువు అడుగుతారు. మోడల్ వై 3,500 పౌండ్లు లాగగలదని కంపెనీయే రాసిచ్చింది, కాబట్టి 1,800 పౌండ్ల ట్రైలర్ దానికి లెక్కలోది కాదు. చదును రోడ్డు మీద ఇంకో వంద కిలోలు వేసినా ఖర్చు పెరిగేది ఒకటీ ఒకటిన్నర శాతం. తినేసేది గాలి. కారుని ఎంతో శ్రద్ధగా గాలి జారిపోయేలా చెక్కారు, దాని వెనక మనం ఒక బీరువాని కట్టి ఈడుస్తున్నాం. గాలి అడ్డం స్పీడు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 55 నుంచి 65కి వెళ్తే ఆ అడ్డం ఒక్కటే 40 శాతం పెరుగుతుంది.

మా ఫ్రెండ్ ఒకాయన అదే మోడల్ వైకి కారు పైకప్పు కన్నా మూడడుగులు ఎత్తున్న పెట్టె ఆకారపు ట్రైలర్ కొన్నాడు. ఖాళీ బరువు నాదానికన్నా రెండు మూడొందల పౌండ్లే ఎక్కువ. 60లో వెళ్తే ఆయనకి మైలుకి 620 వస్తోంది. లాస్ ఏంజెలెస్ వెళ్లేటప్పుడు ఐ-5 మీద ప్రతి ఎనభై తొంభై మైళ్లకీ ఆగాల్సొచ్చింది. ఇంటికొచ్చి అమ్మేశాడు. ట్రైలర్ ఎంచుకునేటప్పుడు బరువు కన్నా ముందు ఎత్తు చూడండి. కారు పైకప్పు దాటి ఎంత పైకి లేస్తే అంత నష్టం.

కాలిఫోర్నియాలో ఉండటం ఒక రకంగా మన అదృష్టం. ఇక్కడ ట్రైలర్ లాగే ఏ వాహనానికైనా చట్టప్రకారం గరిష్ఠ వేగం 55. మిగతావాళ్లు దీన్ని తిట్టుకుంటారు, కరెంటు కారువాళ్లకి వరం. కుడివైపు లేన్‌లో ఒక లారీ వెనక, తగినంత దూరంలో పడి వెళ్లండి. ట్రైలర్ తగిలించి వైరు గుచ్చగానే కారు ట్రైలర్ మోడ్‌లోకి పోతుంది, ఆటోస్టీర్ ఉండదు. స్టీరింగ్ అంతా మీ చేతుల్లోనే, కాబట్టి అలసట కొంచెం ఎక్కువ.

ఇక కొండల లెక్క. ఇది నోటి లెక్కే. టన్ను బరువుని వెయ్యి మీటర్లు పైకి ఎక్కించడానికి 2.7 యూనిట్లు. కారు, మనుషులు, సామాను, ట్రైలర్ కలిపి మూడు టన్నులనుకుంటే వెయ్యి మీటర్లకి ఎనిమిది యూనిట్ల పైచిలుకు. మోటార్‌లో పోయేది కలిపి తొమ్మిది వేసుకోండి. ఐ-80 మీద డానర్ సమ్మిట్ ఎత్తు 7,239 అడుగులు, అంటే దాదాపు 2,200 మీటర్లు. మా ఊరు దాదాపు సముద్రమట్టమే. మొదటిసారి టాహో వెళ్లినప్పుడు ఇంటి దగ్గర 88 శాతంతో బయల్దేరాను. ఆబర్న్ దాటాక స్క్రీన్ మీద గ్రాఫ్ ఏటవాలుగా కిందికి జారుతుంటే మా ఆవిడ మాట్లాడటం మానేసింది. సమ్మిట్ దగ్గర 15, ట్రక్కీలో ఛార్జర్ ముందు ఆగేసరికి 13. మొత్తం 95 మైళ్లు. తిరుగు ప్రయాణంలో అదే దారికి 36 శాతమే అయింది, ఎక్కేటప్పుడు పెట్టినదాంట్లో చాలావరకు దిగేటప్పుడు రీజెన్ (మోటారే జనరేటర్‌లా తిరిగి బ్యాటరీలోకి కరెంటు పంపడం) తిరిగిచ్చింది. అందుకే కొండ మీద ఛార్జర్ దొరికింది కదా అని నిండా నింపుకుని దిగకండి. నిండిన బ్యాటరీలోకి కరెంటు వెనక్కి వెళ్లదు, రీజెన్ బాగా తగ్గిపోతుంది, వెనక ట్రైలర్ తోస్తుంటే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. 70, 75 చాలు.

మీ యోసెమిటీ దారికి ఇదే పద్ధతి. మంటీకాలో కూర్చుని 95 దాకా నింపండి, టీ తాగండి, పెద్దవాళ్లు కాళ్లు చాపుకుంటారు. అక్కడినుంచి హైవే 120 మీద యోసెమిటీ లోయలోకి సుమారు 110 మైళ్లు, మధ్యలో క్రేన్ ఫ్లాట్ దగ్గర 6,200 అడుగులు ఎక్కి మళ్లీ నాలుగువేలకి దిగాలి. నా లెక్కలో 20 శాతం మిగలాలి. మకాసిన్ దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. ఓల్డ్ ప్రీస్ట్ గ్రేడ్ దగ్గరి దారే, రెండు మైళ్లు కూడా లేదు, కానీ నిట్టనిలువు, ఇరుకు. మ్యాప్ అటు చూపించినా మీరు వెళ్లొద్దు. వంపులు తిరిగే న్యూ ప్రీస్ట్ గ్రేడ్ పట్టుకోండి. లోయలో క్యాంప్ సైట్లకి కరెంటు కనెక్షన్ లేదు. ఆ 20 శాతంతో లోపల రెండ్రోజులు తిరిగి బయటికి రావాలంటే ఇరుకు, కాబట్టి పైకి వెళ్లేముందు దారిలో దొరికే చివరి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఇంకో పావుగంట ఆగండి.

గాలి గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ దారిలో ఆల్టమాంట్ కొండలున్నాయి. అక్కడ అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. వేసవి మధ్యాహ్నాలు సముద్రం నుంచి లోయలోకి పడమటి గాలి తోస్తుంది. శుక్రవారం తూర్పుకి వెళ్లేటప్పుడు అది మిమ్మల్ని వెనకనుంచి నెడుతుంది, మీటర్ చూసి మురిసిపోతారు. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు అదే గాలి ముఖాన కొడుతుంది. నేను బోడెగా బే వెళ్తూ వాకవిల్, ఫెయిర్‌ఫీల్డ్ మధ్య సాయంత్రం నాలుగింటికి దొరికిపోయాను. 55లోనే వెళ్తున్నా 420 కాస్తా 570 అయింది. పదిహేను మైళ్ల ఎదురుగాలిలో 55 అంటే గాలికి మీరు 70లో వెళ్తున్నట్టే. అప్పటినుంచి పడమటికి వెళ్లే రోజు తెల్లారే బయల్దేరుతున్నాం.

బ్యాటరీ పాడవడం గురించి. ట్రైలర్ లాగినప్పుడు కరెంటు ఎక్కువ తీస్తుంది, నిజమే. కానీ అది యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు తీసే దాంతో పోలిస్తే చాలా తక్కువ. వేడెక్కితే కారే చల్లబరుచుకుంటుంది. మోడల్ వై లాంగ్ రేంజ్‌కి బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లు, సామర్థ్యం 70 శాతానికి తగ్గకుండా. నాలుగేళ్ల తర్వాత నా కారులో తగ్గింది ట్రైలర్ ముఖం చూడని మా తమ్ముడి కారులో తగ్గినంతే.

నిజమైన చిరాకు ఛార్జింగ్ స్టేషన్లు. సూపర్‌ఛార్జర్ (టెస్లా వాళ్ల ఫాస్ట్ ఛార్జర్) దగ్గర కారుని వెనక్కి పెట్టి తగిలించాలి, తీగ పొట్టిది. వెనక ట్రైలర్ ఉంటే ఎలా? కొన్నిచోట్ల ఒకటీ అరా నేరుగా దూరిపోయే స్థలాలుంటాయి, వాటిమీద ఆశపెట్టుకోకండి. ఎక్కువసార్లు ట్రైలర్ ఊడదీసి పక్కన పార్కింగ్‌లో పెట్టి, కారు ఒక్కటే తీసుకెళ్లి ఛార్జ్ చేసి, మళ్లీ తగిలించుకోవాలి. అలవాటైతే పది నిమిషాల పని, ఎండలో పది నిమిషాలు. అడ్డంగా పెట్టి నాలుగు ఛార్జర్లు మూసేసేవాళ్లని చూశాను, అది మాత్రం చేయొద్దు. నేను మొదటిసారి ఊడదీసినప్పుడు చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టడం మరిచిపోయాను. చదునుగా కనిపించిన పార్కింగే. హిచ్ లేపగానే ట్రైలర్ మెల్లగా కదిలింది. మా మావయ్యగారు "అల్లుడూ, అదెక్కడికో బయల్దేరింది" అన్నారు తాపీగా. అడుగు దూరం దొర్లి జాకీ చక్రం గట్టుకి తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది. ముందు దిమ్మలు, తర్వాత హిచ్. ఇప్పటికీ పైకి అనుకుంటూనే చేస్తాను.

టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముక్కు మీ హిచ్ మీద మోపే బరువు. ఈ కారుకి గరిష్ఠం 350 పౌండ్లు. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు ముక్కు మీద ఉండేలా నేను సర్దుకుంటాను. ఎందుకో నాకు పుస్తకాల్లో కాదు, కాల్‌ఫాక్స్ దిగుడులో తెలిసింది. ఆ రోజు రెండు సైకిళ్లు, నీళ్ల క్యాన్లు వెనక భాగంలో పడేశాను. యాభైలో దిగుతుంటే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది, మొదట చిన్నగా, తర్వాత కారు వెనక భాగాన్ని కూడా తోసేంతగా. బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, కాలు మెల్లగా తీశాను. కారు తనంతట తాను కొంత సర్దుకుంది. పక్కన ఆపి సామాను మార్చుతుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. ఎడ్లబండికి బస్తాలేసేటప్పుడు కాడి ఎత్తి చూసి "ఒక బస్తా ముందుకి జరపరా" అనేవాడు. బరువంతా ఇరుసు వెనకపడితే నొగలు పైకి లేస్తాయి, ముందుకి ఎక్కువైతే ఎడ్ల మెడలు నలుగుతాయి. ఇరుసు అదే, కాడి పేరే మారింది.

దీంతోపాటు మీ విషయంలో నాకు కనిపిస్తున్న అసలు ఇబ్బంది ఇంకోటుంది, మీరు అడగలేదు. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో రాసి. నా కారుకది సుమారు వెయ్యి పౌండ్లు. ట్రైలర్ ముక్కు బరువు కూడా ఆ వెయ్యిలోదే. నలుగురు పెద్దవాళ్లు, ఒక పాప కలిపి 650 అనుకోండి, ముక్కు 180. మిగిలింది 170. అందులో టెంట్, కుర్చీలు, రైస్ కుక్కర్, ప్రెషర్ కుక్కర్, అమ్మగారు తెచ్చిన ఆవకాయ. లాగే సత్తా 3,500 ఉన్నా కారు మోసే సత్తా ముందు అయిపోతుంది. కాబట్టి బరువైన సామాను ట్రైలర్‌లో ఇరుసుకి కాస్త ముందు పెట్టండి, కారు డిక్కీలో కాదు. సర్దాక ఒకసారి ఫ్రీవే పక్కన ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద తూయండి. నా ట్రైలర్ ఖాళీ బరువు 1,300 అని బ్రోషర్‌లో ఉంది. సామానుతో తూస్తే 1,780 వచ్చింది. నేను 1,500 అనుకుంటూ ఏడాది తిరిగాను.

ఆ 1,500 అంకె ఇంకో విధంగానూ ముఖ్యం. కాలిఫోర్నియాలో క్యాంప్ ట్రైలర్ స్థూల బరువు 1,500 పౌండ్లు, ఆపైన ఉంటే దానికి సొంత బ్రేకులుండాలి. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్ తీసుకుంటే కారులో బ్రేక్ కంట్రోలర్ (ఆ బ్రేకుల్ని కారులోంచి నడిపే పరికరం) విడిగా పెట్టించుకోవాలి, మోడల్ వైలో అది ఉండదు. పెట్టించుకోండి, రీజెన్ ఉంది కదా అని మానేయకండి. ట్రైలర్ టైర్లు కూడా చూడండి. కారు టైర్ల గాలి కారే చెబుతుంది, ట్రైలర్ టైరు పేలేదాకా ఏమీ చెప్పదు.

ఏ ట్రైలర్ అంటే, టియర్‌డ్రాప్ నాకు బాగానే ఉంది కానీ మీ అమ్మానాన్నలకి వద్దంటాను. లోపల నిలబడలేరు, పాకుతూ మంచమెక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాత్రి రెండుసార్లు లేవాలంటే నరకం. మా అత్తగారు ఒక్క రాత్రి పడుకుని, రెండో రాత్రి కారు సీటు వెనక్కి వాల్చుకుని హాయిగా నిద్రపోయారు. క్యాంప్ మోడ్‌లో ఏసీ నడిచింది, తెల్లారేసరికి 9 శాతం అయింది. మీకు సరిపోయేది ఎ-ఫ్రేమ్ రకం. లాగేటప్పుడు మడత పెట్టిన పెట్టెలా కారు కన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది, ఆగాక రెండు వాలు కప్పులు లేపితే గుడిసెలా నిలబడుతుంది, లోపల మనిషి నిలబడొచ్చు. గాలి ఖర్చు తక్కువ, మోకాళ్లకి సుఖం. ఎలైనర్ వాళ్లవి ఈ రకానివే. లోపల పెట్టుకునే చిన్న పోర్టబుల్ టాయిలెట్ తప్పనిసరిగా తీసుకోండి, రాత్రిపూట టార్చి పట్టుకుని చెట్ల మధ్య నడిచే పని తప్పుతుంది.

క్యాంప్ సైట్‌లో కరెంటు ఉంటే మీ పంట పండినట్టే. 50 యాంప్స్ ప్లగ్ ఉంటే టెస్లా మొబైల్ కనెక్టర్‌తో 7 కిలోవాట్ల పైన వస్తుంది, తెల్లారేసరికి నిండుతుంది. 30 యాంప్స్ ప్లగ్ 120 వోల్టులది, దానికి వేరే అడాప్టర్ కొనాలి. 24 యాంప్స్ దాటి లాగకూడదు కాబట్టి వచ్చేది మూడు కిలోవాట్ల లోపు, రాత్రంతా పెడితే ముప్ఫై యూనిట్లు. అదే కనెక్షన్ మీద రైస్ కుక్కర్ పెట్టారో, బ్రేకర్ పడిపోతుంది. మేం బీల్స్ పాయింట్‌లో రెండుసార్లు సగం ఉడికిన అన్నంతో కూర్చున్నాం. ప్రైవేటు ఆర్‌వీ పార్కుల్లో కొందరు కారు ఛార్జ్ చేయనివ్వరు, కొందరు అదనంగా తీసుకుంటారు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి. టాహో చుట్టూ ఉన్న స్టేట్ పార్కుల్లో చాలావాటికి ప్లగ్గు ఉండదు.

చివరగా, ఇప్పుడే కొనకండి. అవుట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి అద్దె వెబ్‌సైట్లలో ఒక ఎ-ఫ్రేమ్ మూడు రోజులకి అద్దెకి తీసుకుని, పెద్దవాళ్లు రాకముందే మీరిద్దరూ పాపతో డెల్ వాలే దాకా వెళ్లి రండి. మీకు అరగంట దూరం. ఖాళీ పార్కింగ్‌లో వెనక్కి నడపడం నేర్చుకోండి, స్టీరింగ్ కింది భాగాన చెయ్యి పెట్టి, ట్రైలర్ ఎటు వెళ్లాలో చెయ్యి అటు తిప్పండి. మొదటి గంట మీ ఇద్దరిమధ్యా మాటలుండవు, మామూలే.

ఏ ట్రైలరో ఖాయమయ్యాక దాని ఎత్తు, వెడల్పు, లేబుల్ మీద ఉన్న స్థూల బరువు ఇక్కడే రాయండి. మీ దారికి స్టాపులతో సహా లెక్క వేసి పెడతాను.